సీరియల్ రచనకు బయలుదేరుతున్న అల్లునికి

చిరంజీవి అల్లునికి,

హనుమకొండ నుండి మీ మేనమామ ఆశీర్వదించి వ్రాయునది. హైదరాబాదు వెళ్లి సీరియళ్లు రాస్తానని, తర్వాత దర్శకత్వం చేస్తానని నీవు పట్టుబట్టినట్టు మీ అమ్మ చెప్పింది. ఆమెకు బెంగగా ఉన్నా, ఈ పనిలోనే తల నెరిసిన నాకు సంతోషమే కలిగింది.

1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలైన తర్వాత చాలా కాలం, వారానికొక భాగం చొప్పున పదమూడు వారాలు నడిచే సీరియళ్లకు తిరగరాసుకునే తీరిక దొరికేది. 1995లో తెలుగు ఉపగ్రహ ఛానళ్లు వచ్చాక డైలీ సీరియళ్లు పెరిగి ఆ తీరిక పోయింది. షూటింగ్ కథ వరుసలో సాగదు. హాల్లో లైట్లు పెట్టారంటే నాలుగైదు ఎపిసోడ్లలోని హాలు సీన్లన్నీ ఆ రోజే తీసేస్తారు కాబట్టి, ఏ సీను నాటికి ఏ పాత్రకు ఎంత సంగతి తెలుసో నీకు కంఠతా ఉండాలి. నటికి డేట్లు కుదరలేదని పొద్దున కబురు వస్తే, ఎదురెదురుగా జరగవలసిన గొడవను మధ్యాహ్నానికల్లా ఫోను మాటలుగా మార్చి ఇవ్వాలి. అందుకే మొదట సహాయ రచయితగా చేరి, వీలైనప్పుడల్లా ఎడిటింగ్ గదిలో కూర్చొని, నీ మాటల్లో ఏవి కోతకు పోతున్నాయో చూడు. దర్శకత్వం అక్కడే ఒంటబడుతుంది.

వెళ్లే ముందు నాలుగు రోజులు వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు పోయి కూర్చో. మిర్చి బస్తా మీద చెయ్యి వేసి నిలబడ్డ రైతు, ధర విన్నాక వెంటనే బదులివ్వడు. రెండు కాయలు తీసి విరిచి, గింజలు రాల్చి, పక్కనున్న కొడుకు ముఖం చూసి, అప్పుడు "ఇంకొంచెం సూడు సేటూ" అంటాడు. సీను మొత్తం ఆ కాయలు విరవడంలోనే ఉంది. నీవైతే అక్కడ రెండు పేజీల ఆవేదన రాస్తావేమోనని నా అనుమానం. మన యాసను నవ్వు పుట్టించే పాత్రలకే అంటగట్టడం నన్ను ఎన్నో ఏళ్లుగా బాధిస్తున్నది. నీ కథలో కలెక్టరమ్మ కూడా ఆ యాసలో నిబ్బరంగా మాట్లాడాలి.

గురువారం వచ్చే రేటింగును చూసి కథ మలుపు తిప్పమంటారు. తిప్పు, కానీ పాత్ర స్వభావాన్ని మాత్రం చెరపకు. ఎపిసోడ్‌కు ఎంత ఇస్తారో, టైటిల్స్‌లో పేరు ఎలా వేస్తారో కాగితం మీద రాయించుకున్నాకే కథ చెప్పు.

మార్కెట్‌లో చూసిన దాన్ని మూడు సీన్లుగా రాసి, వచ్చే ఆదివారం ఇంటికి పట్టుకొని రా. చదివి, కలం పట్టి దిద్దుదాం.

ఇట్లు,
మీ మేనమామ