ఆ చేపకు జబ్బు కాదు, ఆకలి

ప్రశ్న: హనుమకొండలో మా ఇంట్లో 200 లీటర్ల పగడాల అక్వేరియం ఉంది. నాచు తింటుందని నాలుగు నెలల కింద లాన్‌మోవర్ బ్లెన్నీ చేపను తెచ్చాం. రాళ్ల మీద వెంట్రుకల్లాంటి నాచు పెరుగుతూనే ఉంది, చేప మాత్రం పొట్ట లోపలికి పోయి చిక్కిపోయింది. పురుగులని చెప్పి షాపాయన రాగి మందు ఇచ్చాడు. ఇంకో బ్లెన్నీని కూడా వేయమన్నాడు. నీళ్లు తగ్గితే బోరు నీళ్లు పోస్తున్నాం. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ మందు సీసా పక్కన పెట్టండి. పొలంలో వాడే మైలుతుత్తం జాతిదే అది. పగడాలు, నత్తలు, రొయ్యలు చచ్చిపోతాయి. రాళ్లు, ఇసుక పీల్చుకున్న రాగి తర్వాత కూడా నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. నీటి పరీక్ష అడగకుండా మందు చేతిలో పెట్టేవాళ్ల మాట వినకండి. రెండో బ్లెన్నీ కూడా వద్దు, ఇంత ట్యాంకులో కొట్టుకుంటాయి.

మీరు రాసినదాన్ని బట్టి ఇది ఆకలే. బ్లెన్నీ రాతి మీది పలుచటి నాచును గీక్కుని తింటుంది, పొడవాటి పోగులను దాదాపు ముట్టదు. నోరి అనే ఎండు సముద్రపు నాచు, ఉప్పు నూనె కలపనిది తెచ్చి, రెండు వేళ్లంత ముక్కను రోజూ రాయికి రబ్బరు బ్యాండుతో కట్టండి. 4 గంటల తర్వాత మిగిలింది తీసేయండి. స్పిరులినా అనే నాచుతో చేసిన మేత గుళికలు రోజుకు రెండుసార్లు, 2 నిమిషాల్లో తినేంతే వేయండి.

నాచుకు అసలు కారణం మీ బోరు నీళ్లని నా అనుమానం. మన దగ్గర చాలా బోర్లలో నైట్రేట్ ఎక్కువ, నాచుకు అది ఎరువులాంటిది. తాగే నీటికి లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా పరవాలేదంటారు, పగడాల ట్యాంకులో 10 దాటనివ్వకూడదు. ఆవిరైపోయేది నీళ్లే, నైట్రేట్ వాటితో పోదు. ఎండాకాలంలో మీరు రోజూ పోసే ప్రతి చెంబూ దాన్ని పెంచుతుంది. ఈ వారమే నైట్రేట్, ఫాస్ఫేట్ పరీక్ష కిట్లు కొని బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లు విడివిడిగా చూడండి. నాచును పెంచే ఫాస్ఫేట్ కూడా ట్యాంకులో లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. నీళ్లలో కరిగిన లవణాల మొత్తం చూపే టీడీఎస్ మీటర్ ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు, ఏ లవణం ఉందో అది చెప్పదు. ఇకపై టీడీఎస్ సున్నాకు తెచ్చే ఆర్‌ఓ, దాని తర్వాత మిగిలిన లవణాలనూ లాగేసే డీఐ ఉన్న ఫిల్టర్ నీళ్లే పోయండి. పొడవాటి నాచును చేత్తో పీకి, అదే రోజు 20 లీటర్లు తీసి, ఆ ఫిల్టర్ నీళ్లలో అక్వేరియం ఉప్పు కలిపి పోయండి. ఇది వారానికోసారి చేయాలి. లైటు రోజుకు 8 గంటలు మించొద్దు.

మూడు వారాలు బాగా తిన్నా పొట్ట నిండకపోతే, లేదా తెల్లటి దారాల్లాంటి రెట్ట కనిపిస్తే, అప్పుడు పురుగుల సంగతి చూద్దాం. పురుగుల మందు మాత్రం చేపను వేరే ట్యాంకులోకి మార్చాకే.