పీయూసీ కాగానే ‘గుండె నర్సింగ్’ సీటు ఉంటుందా?

ప్రశ్న: మాది మదనపల్లె. చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో మెస్ నడుపుతున్నాం. మా అమ్మాయి ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదివింది. ఇప్పుడు సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది), పీసీఎంబీ (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ). నిరుడు మా మామగారికి స్టెంట్ వేసినప్పుడు ఆసుపత్రిలో నర్సులను చూసి, తానూ గుండె రోగుల నర్సునే అవుతానంటోంది. ఒక ఏజెంటు ‘బీఎస్సీ కార్డియాక్’ సీటు ఇప్పిస్తానని, అదీ నర్సింగేనని చెప్పి అడ్వాన్సు అడుగుతున్నాడు. రాత్రి డ్యూటీలని మావారికి ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, ఆ అడ్వాన్సు కట్టకండమ్మా. ఏజెంటు చెబుతున్నది బహుశా బీఎస్సీ కార్డియాక్ కేర్ టెక్నాలజీ. అది చదివినవారు ఎకో (గుండె స్కానింగ్), ట్రెడ్‌మిల్ పరీక్షల దగ్గర, యాంజియోగ్రామ్‌లు చేసే క్యాథ్ ల్యాబ్‌లో పనిచేస్తారు. మంచి పనే, కాదనను. కానీ ఆ డిగ్రీతో నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కాదు, నర్సు ఉద్యోగం రాదు. రెండూ ఒకటేనని చెప్పేవాడికి తెలియకనైనా ఉండాలి, కమీషన్ మీద కన్నైనా ఉండాలి.

నర్సింగ్‌లో గుండెకు దారి నేరుగా ఉండదు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో ప్రసూతి, పిల్లలు, మానసిక రోగులు, పల్లెల్లో ఆరోగ్య సేవ అన్నీ చూడాల్సిందే. తర్వాత రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్, కొంతకాలం వార్డు అనుభవం. ఆ మీదట ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాల్లో గుండె, ఛాతీ విభాగం ఉంది. రెండేళ్ల ఎంఎస్సీలోనూ మెడికల్ సర్జికల్ నర్సింగ్ కింద దాన్ని ఎంచుకోవచ్చు. ఈ డిప్లొమా, ఎంఎస్సీ చేయకుండా బీఎస్సీ తర్వాత నేరుగా సీసీయూలో (గుండె రోగుల ఐసీయూలో) చేరి, పని మీదే నేర్చుకునేవారూ చాలామంది.

ఇక ఆ పని సంగతి. తాతగారి మంచం దగ్గర మీ అమ్మాయి చూసినది కొంతే. మణికట్టు నుంచి యాంజియోగ్రామ్ చేసి పంపిన రోగికి అక్కడ గాలి నింపిన పట్టీ ఉంటుంది. నర్సు ఆ గాలిని కొద్దికొద్దిగా తీస్తూ రక్తం ఊరుతోందా, వేళ్లు చల్లబడుతున్నాయా అని చూస్తుంది. తొడ మొదట్లోంచి చేసి ఉంటే కాలు మడవనివ్వదు, పాదంలో నాడి వెతుకుతుంది, దుప్పటి ఎత్తి నడుము కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూస్తుంది. ఎందుకంటే కారిన రక్తం వెనక్కి చేరుతుంది, మత్తులో ఉన్న రోగికి తెలియదు. డిగాక్సిన్ అనే గుండె మందు ఇచ్చే ముందు గుండె మీద స్టెతస్కోపు పెట్టి పూర్తి నిమిషం లెక్కపెడుతుంది. పెద్దవారిలో 60 లోపు ఉంటే మాత్ర ఆపి డాక్టరుకు చెబుతుంది. పొటాషియం ఇంజెక్షన్‌ను పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది కాబట్టి దాన్ని మరో నర్సుతో సరిచూపించుకుంటుంది. ఇంత ఓపిక, ఇంత అనుమానం మీ అమ్మాయిలో ఉన్నాయా? తల్లిగా మీకే బాగా తెలుస్తుంది.

గుండె బలహీనపడిన రోగిని రోజూ పొద్దున్నే బరువు తూస్తారు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్లు కాదు, నీరు. అలాంటివారికి ఉప్పు తగ్గించమని చెప్పడమే పెద్ద పని. కూరలో ఉప్పు మానేసి, పక్కన ఆవకాయ ముక్క వేసుకుని ‘తగ్గించానమ్మా’ అనే పెద్దాయనను దారికి తేవాలంటే ఆ ఇంటి భోజనం తెలిసినవాళ్లు కావాలి. అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపు నుంచి బెంగళూరు గుండె ఆసుపత్రులకు వచ్చేవారు ఎంతమందో. కన్నడం, తెలుగు రెండూ వచ్చిన నర్సు అక్కడ అక్కరకొస్తుంది.

సీటు విషయానికి వస్తే, కర్ణాటకలో ప్రభుత్వ కోటా బీఎస్సీ నర్సింగ్ సీట్లను కేఈఏ (కర్ణాటక పరీక్షల ప్రాధికార సంస్థ) సీఈటీ ప్రవేశ పరీక్ష ర్యాంకుతో కేటాయిస్తుంది. ఇక్కడే ఏడేళ్లకు పైగా చదివింది కాబట్టి అమ్మాయి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ అవకాశం పోకుండా చూసుకోండి. ప్రైవేటు కాలేజీకి వెళ్తే భవనం చూసి మురిసిపోవద్దు. సొంత ఆసుపత్రిలో కనీసం 100 పడకలు ఉన్నాయా, వాటి మీద రోగులు ఉన్నారా, విద్యార్థులను సీసీయూకు పంపుతారా అని అడగండి. మధ్యాహ్నం పూట చెప్పకుండా వెళ్లి వార్డులు చూస్తే సగం జవాబులు అక్కడే దొరుకుతాయి.

రాత్రి డ్యూటీలు లేవని మీవారికి చెప్పలేను. మొదటి కొన్నేళ్లు తప్పవు, ప్రైవేటులో తొలి జీతమూ తక్కువే. అనుభవం వచ్చాక ఓపీ, క్యాథ్ ల్యాబ్, బోధన వైపు మారినవారున్నారు. బీఎస్సీ అయ్యాక రిజిస్ట్రేషన్‌తో ఎయిమ్స్ వారి నర్సు ఉద్యోగాల పరీక్ష నార్సెట్ కూడా రాయవచ్చు.

పదో తరగతి, పీయూసీ ఒరిజినల్స్ మాత్రం ఆ ఏజెంటు చేతికి ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ వారమే వెళ్లి తెచ్చుకోండి.