తాత ఆ ఏడేళ్లు ఏం చేశాడు?

అమ్మాయీ,

కథ అందింది. తాత మనవరాలితో మాట్లాడే తీరు బాగుంది. మెచ్చుకోలు అంతే. రెండో పేజీ దగ్గర ఒళ్లు మండింది.

తాత 1972లో విద్యాసాగర్ సేతు పనికి కలకత్తా వెళ్లి, రెండేళ్లలో వంతెన పూర్తిచేసి వచ్చాడని రాశావు. ఆ ఏడాది మే నెలలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన మాట నిజమే. పని మొదలైంది 1979లో. హుగ్లీ నది మీద బండ్లు నడిచింది 1992 అక్టోబరులో. మరి పునాదిరాయి వార్త విని రైలెక్కిన మనిషి ఆ ఏడేళ్లూ ఎలా బతికాడు? ఎవరి పంచన తలదాచుకున్నాడు? ఇంటికి ఏమని ఉత్తరాలు రాశాడు? కథ అక్కడుంది తల్లీ. నువ్వేమో సూర్యాస్తమయానికి అర పేజీ ఖర్చుపెట్టావు.

పైగా వంతెన 'ఊయలలా వేలాడుతోంది' అన్నావు. వేలాడే వంతెన వేరు. అందులో పెద్ద తీగ ఒకటి వంగి ఉంటుంది, దాన్నుంచి దిగిన సన్న తీగలు రోడ్డును మోస్తాయి. ఇక్కడ ప్రతి కేబులూ పైలాన్ అనే ఎత్తైన టవర్ నుంచి నేరుగా రోడ్డుకే బిగించి ఉంటుంది. ఏటవాలుగా లాగుతుంది కాబట్టి రోడ్డును పైకెత్తడంతో పాటు పైలాన్ వైపు నొక్కుతుంది కూడా. రెండు పైలాన్ల మధ్య 457 మీటర్ల నడిమి స్పాన్ కింద ఒక్క స్తంభం లేదు. ఇలాంటివి కట్టేటప్పుడు రోడ్డు ముక్క అమర్చి, దానికి కేబుల్ బిగించి, ఆ తర్వాతే ఇంకో ముక్కకు పోతారు. రెండువైపుల నుంచీ వచ్చిన కొసలు నది మధ్యలో కలవాలి. ఎండకు ఉక్కు సాగుతుంది, అందుకని వేళ చూసి కలుపుతారు. నీ తాతని ఆ కొసన నిలబెట్టు. టెన్షన్ కోసం వేరే విలన్ అక్కర్లేదు.

ఇదంతా రాస్తే 'సమాచారం బరువైంది' అంటారు సంపాదకులు. బావులు తవ్వేవాళ్ల మీద ఓ కథ రాశాన్నేను. రాతిలో పేలుడు మందు కూరడం గురించి అడిగితే మేస్త్రీ ముందు నోరు విప్పలేదు. నేను ఆయన కూలీల లెక్కలు రాసిపెట్టాకే చెప్పాడు. ఆ పేరా మొత్తం కొట్టేసి, ఆ జాగాలో తలనూనె ప్రకటన వేశాడు సంపాదక మహాశయుడు! ఇప్పటి ఫ్యాషన్ ఇంకోటి. వంతెన కనబడితే చాలు, తరాల మధ్య వారధి, మనసుల మధ్య వారధి. దాని మీద లారీ ఒక్కటీ పోదు.

నవల మొదలుపెట్టనా అన్నావు, కలంపేరు సంగతీ అడిగావు. తర్వాత చూద్దాం. ముందు ఆ ఏడేళ్లు రాసి పంపు. కాయితం మీదే, వరసల మధ్య జాగా వదిలి. ఫోన్‌లో పీడీఎఫ్ చదివే ఓపిక నాకు లేదు.