బీరువా ఉచితంగా ఇచ్చేశాను, అందులోని బంగారం కూడా ఇచ్చేసినట్టేనా?

ప్రశ్న: మాది నల్గొండ. నాన్న ఎప్పుడో పోయాడు, అమ్మ 2023లో చనిపోయింది. పానగల్ దగ్గరి పాత ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చి, 2024 బతుకమ్మ పండుగకు ముందు ఇంట్లో సామానంతా ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాను. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు సార్. రాత్రి పదకొండుకు ఫోన్ చేసి "లాస్ట్ ఎంత" అంటారు. వస్తామని రారు. వచ్చినవాళ్లు తుప్పు చూపించి సగానికి అడుగుతారు. విసిగిపోయి అమ్మ బీరువాను "ఉచితం, ఎవరైనా వచ్చి తీసుకుపోవచ్చు" అని పెట్టాను. దేవరకొండ నుంచి ఒకాయన వచ్చి, బిడ్డ పెళ్లికి పనికొస్తుందని బతిమాలి ట్రాలీ ఆటోలో వేసుకుపోయాడు. మేడ మీది నుంచి దించిన హమాలీకి మూడు వందలు కూడా నేనే ఫోన్‌పే చేశాను. లోపలి లాకర్ తాళంచెవి దొరకలేదు. ఏముంటుందిలే అనుకున్నాను.

మొన్న పెద్దమ్మ చెప్పింది, లాకర్ వెనుక ఒక సీక్రెట్ అర ఉంటుందని, అమ్మ గుండ్ల హారం, రెండు గాజులు అందులోనే దాచేదని. ఒకసారి పంట పెట్టుబడి కోసం వాటిని బ్యాంకులో పెట్టి విడిపించింది కూడా. ఆ దేవరకొండ ఆయనకు ఫోన్ చేస్తే, "తాళం లేదు కదా సార్, లాకర్ కోయించినం. పాత కాగితాలు, ఒక విభూతి పొట్లం తప్ప ఏం లేవు" అన్నాడు. ఆ కాల్ నా ఫోన్‌లో రికార్డయింది. బీరువాను ఆరు వేలకు అమ్మేశాడట, పెళ్లీ లేదు గిళ్లీ లేదు! కోపంలో ప్రకటన, చాట్ అన్నీ డిలీట్ చేసేశాను. బీరువా దొంగతనం పోయిందని కేసు పెడితే పోలీసులే కక్కిస్తారని మా బామ్మర్ది అంటున్నాడు. ఆస్తి గొడవల వల్ల మా చెల్లెతో నాకు మాటల్లేవు, ఆమె పాలమూరులో ఉంటుంది. ఆమెకు తెలియకుండా నగలు రాబట్టే మార్గం చెప్పండి.
ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ఉచితంగా తీసుకున్నవాడు ఆరు వేలకు అమ్ముకున్నాడన్న బాధ మీద మీరు పేజీన్నర రాశారు. ఇక్కడ దాన్ని కుదించి వేశాం. ముందు దాన్ని పక్కన పెడదాం. కదిలించగల వస్తువును దానంగా ఇవ్వడానికి కాగితం, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చేతికి అప్పగిస్తే చాలునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ చెబుతోంది. మీరు ఇచ్చారు, ఆయన పుచ్చుకున్నాడు, ఆటో ఎక్కించారు. ఆ క్షణం నుంచి బీరువా ఆయనది. వాడుకుంటాడో, అమ్ముకుంటాడో, పాత ఇనుముకు వేస్తాడో ఆయన ఇష్టం. అబద్ధం చెప్పి తీసుకున్న దానాన్ని రద్దు చేయించుకునే వీలు అదే చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ మీ ప్రకటనే "ఎవరైనా తీసుకుపోవచ్చు" అంది కదా! పెళ్లి కోసమే ఇస్తున్నానని షరతు పెట్టలేదు. ఆరు వేల బీరువా కోసం ఆ వాదన మోసుకుని కోర్టు మెట్లు ఎక్కకండి.

బంగారం సంగతి వేరు. బీరువా ఇస్తే లోపలున్నదంతా ఇచ్చేసినట్టేనని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఏ వస్తువు ఇవ్వాలని మనసులో ఉందో ఆ వస్తువుకే దానం వర్తిస్తుంది. ఉన్నట్టే తెలియని నగలను ఎవరూ దానం చేయలేరు. ఇలాంటి తగవు ఇంగ్లండులో 1841లోనే వచ్చింది. మెర్రీ వర్సెస్ గ్రీన్ అని పేరు. వేలంలో కొన్న రాతబల్లలో రహస్య సొరుగు, అందులో డబ్బు. కొన్నవాడు ఆ డబ్బు వాడుకున్నాడు. బల్ల అమ్మినంత మాత్రాన సొరుగులోది అమ్మినట్టు కాదని, అది తనది కాదని తెలిసీ సొంతం చేసుకుంటే దొంగతనమే అవుతుందని న్యాయమూర్తులు అన్నారు. ఆ తీర్పును మన కోర్టులు పాటించి తీరాలని లేదు గానీ, మన చట్టమూ దాదాపు అదే దారిలో ఉంది. దొరికిన వస్తువు యజమాని ఎవరో తెలిసి, లేదా తెలుసుకునే వీలుండి కూడా సొంతానికి వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా జైలు, జరిమానా. మీ నంబరు ఆయన ఫోన్‌లోనే ఉంది కాబట్టి యజమాని ఎవరో తెలియదనే సాకు ఆయనకు దొరకదు.

ఇంతవరకు చదివి సంతోషపడకండి. చట్టం మీ వైపు ఉంది, సాక్ష్యం లేదు. కేసును తేల్చేది ఒకే ఒక్క ప్రశ్న: బీరువా మీ గడప దాటిన రోజున ఆ నగలు అందులోనే ఉన్నాయని కోర్టు బోనెక్కి ఎవరు చెబుతారు?

మీరు చెప్పలేరు, లాకర్ తెరిచి చూడలేదు కదా. మీ పెద్దమ్మ చెబుతుందా? అమ్మ ఆ అరలో నగలు పెడుతుంటే ఆమె కళ్లారా చూసిందా, లేక "అక్కడ పెడతానని చెప్పేది" అని విన్నదా? చూసి ఉంటే సాక్ష్యం. విన్నదైతే కోర్టులో దానికి బరువు ఉండదు. పైగా చూసిందే అనుకున్నా, ఎప్పుడు చూసింది? పదేళ్ల కిందటా, ఆఖరి రోజుల్లోనా?

ఇక మిగిలింది మీ చెల్లెలు. అమ్మ మంచాన పడ్డప్పుడు దగ్గరుండి చూసుకున్నది ఎవరు? కొంగుకు ముడేసుకున్న తాళంచెవులు ఆ చివరి నెలల్లో ఎవరి చేతికి వచ్చాయి? లాకర్ తాళంచెవి దొరకలేదని రాశారు, మీ చెల్లెలిని అడిగారా? మూడు పేజీల ఉత్తరంలో ఆ ఒక్క మాట లేదు. ఆమెకు తెలియకుండా పని కావాలంటున్నారు. అంటే మీ కేసులో పనికొచ్చే ఏకైక సాక్షిని మీరే బయట కూర్చోబెడుతున్నారన్నమాట.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. పోయే ముందు అమ్మే ఆ హారం తీసి కూతురి చేతిలో పెట్టి ఉండవచ్చు. ఆడపిల్లకు నగలివ్వడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. అదే జరిగి ఉంటే, ఏ పాపం తెలియని మనిషిని కోర్టుకు లాగినవారవుతారు.

హక్కు విషయంలోనూ మీకు స్పష్టత లేదు. వీలునామా రాయకుండా పోయిన హిందూ స్త్రీ ఆస్తి 1956 హిందూ వారసత్వ చట్టం 15, 16 సెక్షన్ల ప్రకారం భర్తకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. నాన్నగారు ముందే పోయారు కాబట్టి మీరిద్దరే వారసులైతే ఆ నగల్లో సగం మీ చెల్లెలివి. మీరు ఆయన మీద ప్రయోగించాలనుకుంటున్న ఆ 314వ సెక్షన్ కిందే ఒక ఉదాహరణ ఉంది: ఒక గుర్రానికి ఇద్దరు యజమానులు, వారిలో ఒకడు దాన్ని అమ్మి సొమ్మంతా తానే వాడుకుంటే అదీ నేరమే. నగలు రాబట్టి గుట్టుగా మీ దగ్గరే ఉంచుకోవాలనే ఆలోచన ఉంటే, ఆ గుర్రం కథ మీకూ వర్తిస్తుంది.

ఇప్పుడు మీ బామ్మర్ది సలహా. పొరపాటున కూడా ఆ పని చేయకండి. "బీరువా దొంగతనం పోయింది" అని మీరు సంతకం పెట్టి ఫిర్యాదు ఇచ్చిన గంటలో ఆయన తన ఫోన్ తీసి, "ఉచితం, వచ్చి తీసుకుపోండి" అన్న మీ మెసేజ్ ఎస్సైకి చూపిస్తాడు. చాట్ డిలీట్ చేసింది మీ ఫోన్‌లో, ఆయన ఫోన్‌లో కాదు. ప్రభుత్వ ఉద్యోగికి అబద్ధపు సమాచారం ఇవ్వడం న్యాయ సంహిత 217 కింద, తప్పుడు నేరారోపణ చేయడం 248 కింద నేరాలు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. రేపు నగల కోసం సివిల్ దావా వేసి "బీరువా నేనే ఇచ్చాను, నగలు ఇవ్వలేదు" అని రాస్తే, "దొంగిలించారని పోలీసులకు మీరే చెప్పారుగా" అని అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు. ఉన్న ఒక్క నిజమైన కేసు కూడా అక్కడే పోతుంది. నలుగురిని వెంటేసుకుని దేవరకొండ వెళ్లి గల్లా పట్టుకోవడం, ఆయన ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి దొంగ అని రాయడం కూడా ఇలాంటివే. మీరే ముద్దాయి అవుతారు.

నిజం చెప్పి ఫిర్యాదు ఇచ్చినా పోలీసులు వెంటనే సోదాకు బయలుదేరరు. 314 నాన్-కాగ్నిజబుల్ నేరం, మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా దర్యాప్తు చేయడానికి వీల్లేదు. స్టేషన్‌లో పట్టించుకోలేదని తరువాత నాకు రాయకండి.

డిలీట్ చేయడం గురించి కూడా ఒక మాట. కోపం వస్తే ఫోన్ పక్కన పెట్టాలి గానీ సాక్ష్యం చెరిపేస్తారా? వాట్సాప్ చాట్ అయితే బ్యాకప్‌లో మిగిలి ఉందేమో తెలిసినవాళ్లతో చూపించండి. అదృష్టం బాగుండి కాల్ రికార్డింగ్ మిగిలింది. అందులో ఆయన మాటలు మళ్లీ వినండి. "లాకర్ కోయించినం" అన్నాడు. అంటే బీరువా ఆయనకు చేరేసరికి లాకర్ మూసే ఉంది, మీరు ఖాళీ చేయలేదు, ఆయనే తెరిపించాడు. కోసిన వెల్డింగ్ షాపు అతను ఒక సాక్షి. "పాత కాగితాలు" ఉన్నాయన్నాడు. ఏ కాగితాలు? అమ్మ బ్యాంకులో నగలు పెట్టి విడిపించిన రసీదు అందులో ఉండదా? బంగారం అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు ప్రతి నగ పేరు, బరువు రాసుకుంటుంది. ఆ బ్రాంచికి అమ్మ మరణ ధ్రువపత్రం, వారసుల వివరాలు పట్టుకెళ్లి ఆ లోన్ రికార్డు నకలు అడగండి. నగలు ఉండేవనీ, ఇన్ని గ్రాములనీ దానితో రుజువవుతుంది. అమ్మ వాటిని వేసుకున్న పెళ్లి ఫొటోలు దానికి తోడు.

రికార్డింగ్ ఉన్న ఆ ఫోన్‌ను పాత సామాను లెక్కలో ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, ఫైలును ఎవరూ మార్చలేదని చూపే హ్యాష్ వాల్యూ అనే అంకెతో సహా. అసలు ఫోన్ చేతిలో ఉంటే ఆ పని సులువు.

గడువు సంగతి. పోయిన లేదా అన్యాయంగా సొంతం చేసుకున్న ఫలానా వస్తువును తిరిగి ఇప్పించమనే దావాకు 1963 లిమిటేషన్ చట్టం 68వ ఆర్టికల్ మూడేళ్లు ఇచ్చింది. వస్తువు ఎవరి చేతిలో ఉందో హక్కుదారుకు మొదట తెలిసిన రోజు నుంచి లెక్క. నగల సంగతి మొన్ననే తెలిసింది కాబట్టి మొన్నటి నుంచే లెక్కించాలని వాదించవచ్చు, నేనైనా వాదిస్తాను. కానీ ఆ వాదన మీద ఆధారపడి కూర్చోకండి. బీరువా ఇచ్చిన రోజు నుంచే లెక్కపెట్టుకుని దావా వేయండి. ఆ తేదీ మీకు గుర్తు లేదు, "బతుకమ్మకు ముందు" అంటే కోర్టు ఒప్పుకోదు. హమాలీకి చేసిన ఫోన్‌పే మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, అదే మీ తేదీ. మేజిస్ట్రేట్ దగ్గర 314 కింద ప్రైవేటు ఫిర్యాదుకు కూడా మూడేళ్లే గడువు. 2027 బతుకమ్మ దాకా ఆగే పని పెట్టుకోకండి.

ఇక చేయాల్సింది. ఇవాళే మీ చెల్లెలికి ఫోన్ చేయండి. నగలు తన దగ్గర లేవని, లాకర్‌లో ఉండగా చూశానని ఆమె అంటే అక్కడి నుంచి కేసు మొదలవుతుంది. తరువాత ఇద్దరూ కలిసి, గొడవ లేకుండా దేవరకొండ వెళ్లి ఆయన్ని రెండే అడగండి: ఆ కాగితాలు, బీరువా ఎవరికి అమ్మాడన్న వివరం. రెండోదే ముఖ్యం. ఆయన లాకర్ ముందు భాగం కోయించి, వెనుక అర సంగతి తెలియకుండానే అమ్మేసి ఉండవచ్చు. అలాంటి బీరువాల్లో ఆ అర ఉన్నట్టు ఒక్కోసారి సొంత యజమానులకే తెలియకపోవచ్చు. అంటే నగలు ఇప్పటికీ ఏదో సెకండ్ హ్యాండ్ ఫర్నిచర్ షాపులోనో, ఎవరి పడకగదిలోనో అందులోనే ఉన్నాయేమో! ఆ బీరువా దొరికితే, ప్రస్తుత యజమాని ఒప్పుకున్నాక, ఆయన ముందే, వీడియో తీస్తూ తెరిపించండి. కోసినందుకు, బాగు చేయించినందుకు అయ్యే ఖర్చు మీరే ఇవ్వండి. కొన్నాను కాబట్టి నగలు నావే అని ఆయన అనడానికి లేదు, అమ్మినవాడికే వాటి మీద హక్కు లేదు కాబట్టి.

బీరువా జాడ చెప్పడానికి ఆయన నిరాకరిస్తే అప్పుడు నోటీసు. దానికి ముందు నల్గొండ జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒక దరఖాస్తు పెట్టండి. కేసు వేయకుండానే అవతలివారిని పిలిపించి మాట్లాడిస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. దరఖాస్తు మీ చెల్లెలి పేరు మీద పెడితే ఆ ఖర్చు కూడా తప్పుతుంది. వివరాలకు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

రాజీ కాకపోతే దావా దేవరకొండ కోర్టులోనే, కోర్టు ఫీజు నగల విలువ మీద. నోటీసులో "దొంగిలించారు" అనే మాట రాయించకండి. "మా తల్లి వారసులమైన మాకు చెందిన ఈ నగలు పొరపాటున బీరువాతో పాటు మీకు చేరాయి, పదిహేను రోజుల్లో అప్పగించండి" అంటే చాలు, నగల వర్ణన, బరువు బ్యాంకు రికార్డులో ఉన్నట్టే రాయించండి. అందిన రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. నోటీసులో ఇద్దరి పేర్లూ ఉండాలి. మీ ఒక్కరి పేరుతోనే పంపమని వస్తే నేనైతే పంపను.