సాయం డబ్బు పేదలకే ఇస్తే సరిపోదా?

"ప్రభుత్వం సాయం డబ్బు అందరికీ పంచడం ఎందుకు, బాగా అవసరమున్న వాళ్లకే ఇవ్వొచ్చు కదా" అని ఒకరు అడిగారు. ఇవ్వొచ్చు, కానీ ఎవరికి అవసరమో తేల్చడమే అసలు చిక్కు. కూలి పనులు చేసేవాళ్ల ఆదాయానికి లెక్కాపత్రం ఉండదు కాబట్టి చాలా దేశాల్లో ఇంటి గోడలు, పైకప్పు, ఇంట్లో వస్తువులు, పిల్లల సంఖ్య లాంటివి చూసి అంచనా వేస్తారు. అంచనా అన్నాక తప్పుతుంది. అవసరం లేనివాళ్లకు డబ్బు వెళ్తే అందరూ గొడవ చేస్తారు గానీ, నా దృష్టిలో అంతకంటే ఘోరం నిజంగా అవసరమున్నవాళ్లు మిగిలిపోవడం, ఎందుకంటే అలా మిగిలేది ఎక్కువగా కాగితాలు లేనివాళ్లు, ఆఫీసుల చుట్టూ తిరగలేని ముసలివాళ్లే. పైగా నిన్నటిదాకా బాగున్న కుటుంబం ఒక్క జబ్బుతో చితికిపోవచ్చు, అది పాత సర్వేలో కనిపించదు.

ఇంకోటి, ఆదాయం ఒక గీత దాటగానే సాయం మొత్తం ఆపేస్తే, జనం నాలుగు రూపాయలు ఎక్కువ సంపాదించడానికే భయపడతారు. మెల్లగా తగ్గించాలి.

బ్రెజిల్ 2003లో మొదలుపెట్టిన బోల్సా ఫమీలియా అనే నగదు సాయం పథకం పేద కుటుంబాలను ఒకే జాతీయ రిజిస్టర్ నుంచి ఎంచుకుని, డబ్బు ఎక్కువగా తల్లుల చేతికే ఇస్తుంది. అంత పకడ్బందీ రిజిస్టర్ లేనిచోట మాత్రం వృద్ధులందరికీ, చిన్నపిల్లలందరికీ ఇచ్చేయడమే మేలు, ఖర్చు పెరిగినా సరే.