గీజర్ కాయిల్ మార్చేముందు మెయిన్ బోర్డు దగ్గర ఒకసారి వోల్టేజ్ చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: గీజర్ మీద 230 వోల్టులు, 2000 వాట్స్ అని ఉంది. 20 నిమిషాల్లో కాగే నీళ్లకు ఇప్పుడు 25 నిమిషాలు పడుతోంది. గీజర్ నడుస్తుండగా సాకెట్ దగ్గర 204 వోల్టులు, 7.7 ఆంపియర్లు వచ్చాయి. కాయిల్ పోయిందా అని అడుగుతున్నారు.

కాయిల్ బాగానే ఉంది. వోల్టేజ్‌ని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్ వస్తుంది: 204 ÷ 7.7 అంటే దాదాపు 26.5 ఓమ్‌లు. కంపెనీ లెక్క ప్రకారం ఎంత ఉండాలి? 230ని 230తో గుణించి 2000తో భాగించండి, 26.45 వస్తుంది. రెండూ ఒకటే. ఇక పవర్ అంటే వోల్టేజ్, కరెంటుల గుణకారం: 204 × 7.7, సుమారు 1570 వాట్స్. వోల్టేజ్ తగ్గితే కరెంటు కూడా తగ్గుతుంది కాబట్టి పవర్‌కు రెండు వైపులా దెబ్బ. ఆ అదనపు ఐదు నిమిషాలు అందుకే.

అసలు చూడాల్సింది ఆ 26 వోల్టులు ఎక్కడ పోయాయన్నది. ఇక్కడే నాకు భయం.

మాది విశాఖపట్నంలోని పెదవాల్తేరు, సముద్రానికి దగ్గరే. రెండేళ్ల క్రితం మా గీజర్ ప్లగ్గు ముట్టుకోలేనంత వేడెక్కేది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఆయన గీజర్ వేసి ఉండగానే రెండు చోట్ల వోల్టేజ్ చూశారు. మెయిన్ బోర్డు దగ్గర 228, గీజర్ టెర్మినల్స్ దగ్గర 222. కరెంటు 8.4 ఆంపియర్లు. ఆరు వోల్టులే కదా అనుకున్నాను. కానీ 6 × 8.4 అంటే 50 వాట్స్. మామూలు సోల్డరింగ్ ఐరన్లు రెండు ఆ దారిలో కూర్చుని కాలుతున్నట్టు. సాకెట్ విప్పితే ఉప్పుగాలికి ఇత్తడి భాగాలన్నీ పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి, ఒక వైరు ఇన్సులేషన్ నల్లగా మాడిపోయింది. సాకెట్, ప్లగ్గు మార్చి స్క్రూలు బిగించాక తేడా ఒకటిన్నర వోల్టుకు దిగింది. ఆ మాత్రం వైర్ల పొడవు వల్లే పోతుంది.

కాబట్టి మీరూ ఎలక్ట్రీషియన్ చేత, గీజర్ నడుస్తుండగానే మెయిన్ బోర్డు దగ్గర చూపించండి. లోడ్ లేకుండా చూస్తే ఈ లోపం కనిపించదు. అక్కడ కూడా 204, 205 వస్తే సప్లైలోనే తక్కువుంది, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. అదే అక్కడ 225 ఉంటే మాత్రం మీ ఇంటి లైనే 21 వోల్టులు మింగుతోంది: 21 × 7.7, అంటే 160 వాట్స్ పైచిలుకు వేడి గోడలోనో సాకెట్‌లోనో పుడుతోంది. అది నిప్పంటుకునే పరిస్థితి.

కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌ను ఒక్క ఫేజు వైరుకే తగిలించాలి, రెండు వైర్లూ కలిపి పట్టుకుంటే సున్నా చూపిస్తుంది. ఈ లెక్క గీజర్, ఇస్త్రీపెట్టె లాంటి వాటికి సరిపోతుంది. ఫ్యాన్లు, మోటార్లకు పవర్ ఫ్యాక్టర్‌తో (ఆ గుణకారంలో నిజంగా వాడుకునే పవర్ ఎంత భాగమో చెప్పే సంఖ్యతో) కూడా గుణించాలి. చల్లగా ఉన్నప్పటి రెసిస్టెన్స్‌తో పోల్చడం కూడా అన్నిటికీ కుదరదు: పాతరకం 100 వాట్స్ బల్బును చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో చూస్తే 40 ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది, వెలిగాక లెక్కకడితే 529. వేడికి ఫిలమెంట్ రెసిస్టెన్స్ అంతగా పెరుగుతుంది. గీజర్ కాయిల్‌లో ఆ తేడా చాలా స్వల్పం.

బోర్డు రీడింగ్ తీశాక ఇక్కడ రాయండి, లెక్క చూద్దాం. అప్పటిదాకా దయచేసి గీజర్ వేయకండి, స్టవ్ మీదే నీళ్లు కాచుకోండి.