పీయూసీ అయ్యాక తలో ఊరికి వెళ్తే స్కూల్ బ్యాండ్ ఆగిపోయినట్టేనా?

ఆగిపోనక్కర్లేదు. బెంగళూరు నుంచి ఒకరు వెల్లూరుకు, ఇంకొకరు హైదరాబాద్‌కు వెళ్లినా దసరా, సంక్రాంతి సెలవుల్లో కలిసి వాయిస్తే నిలుస్తుంది. తొలి ఏళ్లలో అలవడేది ఒకరినొకరు వినడం: డ్రమ్స్ వేగం పెంచితే బేస్ గిటార్ వెంటనే అందుకోవడం. అది పట్టుబడితే అంత తేలిగ్గా పోదు.

రేడియోహెడ్ అనే రాక్ బ్యాండ్‌నే తీసుకోండి. ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ స్కూల్ కుర్రాళ్లు 1985లో మొదలుపెట్టారు. శుక్రవారాలు ప్రాక్టీస్ కాబట్టి అప్పటి పేరు 'ఆన్ ఎ ఫ్రైడే'. యూనివర్సిటీలకు వెళ్లాక కూడా సెలవుల్లో కలిసేవారు. 1991లో ఈఎంఐ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరాక పేరు మారింది, మనుషులు మారలేదు.

1992లో వచ్చిన 'క్రీప్' పాటతో రాత్రికి రాత్రే పైకొచ్చారని చాలామంది అనుకుంటారు. దాని వెనక ఏడేళ్ల సాధన ఉంది. అన్నట్టు, సెలవుల్లో పాతవే వాయించి లేచిపోకుండా ఒక్క కొత్త పాటైనా కట్టుకోండి.